వైరు లేని స్విచ్చు

"దయ్యాలంటే నాకు నమ్మకం లేదు" అని మొదలుపెట్టి చివరికి దయ్యం కథే చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. కాబట్టి ఆ మాట నేను అనను. నేను వత్సవాయి మండలంలో ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్ని. పదో తరగతి పిల్లలకు ఏటా విద్యుత్తు పాఠం చెబుతాను. పరీక్ష పేపర్లో ఎవరైనా దేవుడి దయ వల్ల బల్బు వెలిగిందని రాస్తే సున్నా వేస్తాను. నా నమ్మకాల గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

ఇది జరిగింది పోయిన వేసవి సెలవుల్లో, జగ్గయ్యపేటలో మా ఇంట్లో, పట్టపగలు. చూసినవాళ్ళం ముగ్గురం. ఒకరు మా అత్తయ్య. ఆవిడ సాక్ష్యం కొట్టిపారేయొచ్చు. రెండో మనిషి ఎలక్ట్రీషియన్ బాజీ. అతను నందిగామలో బయల్దేరానని చెబితే ఇంకా మంచం దిగలేదని అర్థం. అతని మాటా పక్కన పెట్టేద్దాం. మిగిలింది నేను.

ఇల్లు మా మామగారు యాకోబుగారు కట్టించింది. ఆయన లారీ డ్రైవరు. నేను కాపురానికి వచ్చేసరికే ఆయన లేరు. గోడ మీద ఫోటోలో మాత్రం మీసాలు దువ్వి, ఎవరి మీదో కోపంగా ఉన్నట్టు ఉంటారు. "కోపమేం కాదు, ఆ ఫోటో తీసేవాడు నవ్వమన్నాడని" అంటుంది అత్తయ్య. ఆవిడ పేరు మార్తమ్మ.

మొదట అది పెంకుటిల్లు. తర్వాత పెంకులు దించి స్లాబు వేశారు గానీ, గోడలు అవే, గోడల మీది వైరింగూ అదే. చెక్క బద్దల మీద క్లిప్పులు కొట్టి లాగిన వైర్లు. ఏటా క్రిస్మస్‌కి వేసిన రంగులన్నీ వాటి మీద పేరుకుని ఏది వైరో ఏది గోడో తెలియకుండా పోయింది. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరుకు పై తొక్క ఎండకు పెళుసై రాలిపోతోంది. ఎప్పుడో నాలుగు బల్బులకూ ఒక ఫ్యానుకూ ఇచ్చిన సింగిల్ ఫేజ్ సర్వీసు అది. దాని మీద మేము ఫ్రిజ్, గీజరు, వాషింగ్ మెషీన్, చివరికి ఏసీ కూడా పెట్టాం. బక్కెద్దు మీద బస్తా మీద బస్తా వేసినట్టయింది.

ఏసీ వేస్తే ట్యూబ్‌లైటు కళ్ళు మూసేది. మిక్సీ వేస్తే ఫ్యాను ఆలోచనలో పడేది. మీటరు దగ్గర కాలిన వాసన వస్తోందని నేను మొత్తుకుంటే, పక్కింటి రత్తమ్మ పోపు మాడ్చిందని అత్తయ్య తేల్చేసింది. ఒక రోజు మెయిన్ దగ్గర ఫ్యూజు పింగాణీ ఠప్పున పగిలి నల్లపొగ చిమ్మింది. అప్పటిగ్గానీ ఆ మాడింది మన పోపేనని ఆవిడ ఒప్పుకోలేదు.

లైన్‌మన్ వచ్చి చూసి, "ఇన్నాళ్ళూ ఈ ఇల్లు ఎట్టా నిలబడిందండి?" అని బుగ్గలు నొక్కుకున్నాడు. త్రీ ఫేజ్‌కి పెట్టుకోమన్నాడు. పెట్టుకున్నాం. లోపల వైరింగంతా మార్పించి, కొత్త మెయిన్ బోర్డు పెట్టించి, ఎర్తు గుంట తవ్వించి ఉంచితే, కరెంటు ఆఫీసు వాళ్ళు వచ్చి కొత్త సర్వీసు వైరు లాగి మీటరు బిగిస్తామన్నారు. వాళ్ళొచ్చేసరికి పని కాకపోతే మాత్రం బండి వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోతారు. మా వీధి చివరి ఇంటి నుంచి అలా వెళ్ళినవాళ్ళు మళ్ళీ వచ్చేసరికి మామిడికాయలు పోయి సీతాఫలాలు వచ్చాయి.

ఇక స్విచ్చు సంగతి.

ముందు గదిలో వీధి తలుపు పక్కన, గుండ్రటి చెక్క దిమ్మ మీద ఒక నల్ల స్విచ్చు ఉండేది. పాతకాలంది. లావుపాటి ముక్కు, గట్టి స్ప్రింగు, కదిపితే పెరట్లోకి కూడా వినపడే 'టక్'. ఒకప్పుడు దాని వైరు వసారా చూరుకు వేలాడే ఎర్ర బల్బుకు వెళ్ళేదట. మామగారు లారీ ఎక్కగానే అత్తయ్య ఆ స్విచ్చు వేసేది. ఆయన తిరిగి వచ్చేదాకా ఎర్ర బల్బు వెలుగుతూ ఉండేది. ఈ ఇంటి మనిషి రోడ్డు మీద ఉన్నాడని దానర్థం.

స్లాబు వేసినప్పుడు చూరు పోయింది, బల్బూ పోయింది. కొన్నేళ్ళకు మామగారూ పోయారు. రోడ్డు మీద కాదు, ఇంట్లో మంచం మీద, మంచినీళ్ళు అడిగి తాగి. అన్నేళ్ళు లారీ తోలిన మనిషి మంచం మీద కన్నుమూశాడంటే అది స్విచ్చు చలవేనని అత్తయ్య వాదన. అందుకని బల్బు లేకపోయినా స్విచ్చు ఉద్యోగంలో కొనసాగింది.

ఇంట్లో ఎవరు ఊరు దాటినా ఆవిడ దాన్ని కిందికి నొక్కుతుంది. చేరామని ఫోను చేస్తే పైకి లేపుతుంది. నేను బడికి వెళ్ళినా ఇదే తంతు. బస్సు దిగగానే చెప్పడం మర్చిపోతే మొదటి పీరియడ్‌లో హెడ్మాస్టరుగారికి ఫోను వస్తుంది. ఓసారి కాగితం మీద బొమ్మ గీసి, వైరు చివర బల్బే లేనప్పుడు ఈ స్విచ్చు వేసినా వేయకపోయినా ఒకటేనని వివరించాను. ఆవిడ శ్రద్ధగా విని, "అయితే బిల్లు కూడా రాదన్నమాట. మంచిదేగా" అంది.

ఇదంతా మా ఇంటి వరకే ఉంటే నేను సర్దుకుపోదును. వీధంతా పాకింది. రత్తమ్మ కొడుకు హైదరాబాదు బయల్దేరితే, "మార్తమ్మక్కా, మావోడెళ్తన్నాడు, కాస్త స్విచ్చెయ్" అని గోడ మీంచి కేక. దాంతో ధర్మసందేహాలు పుట్టుకొచ్చాయి. ఇద్దరు రోడ్డు మీద ఉండి ఒకరు చేరితే ఆపాలా వద్దా? ఆపితే రెండోవాడి గతేంటి? ఆఖరి మనిషి చేరేదాకా ఆపకూడదని అత్తయ్య తీర్పు చెప్పింది. రత్తమ్మ కొడుకు హైదరాబాదు చేరి ఫోను చేయడం మర్చిపోయినప్పుడు మా స్విచ్చు వారం పొడుగునా కిందికే ఉంది. వాడికి అక్షింతలు పడ్డాయి, అది వేరే సంగతి.

మా సంఘం పాస్టరుగారు ఒక ఆదివారం పేరు చెప్పకుండా దీన్ని ఖండించారు. ప్రార్థన ఉండగా స్విచ్చులెందుకని గద్దించారు. సంఘమంతా మా అత్తయ్య వైపు చూసింది. ఆవిడ ఎవరినో అంటున్నట్టు తానూ వెనక్కి తిరిగి చూసింది. ఆ తర్వాత కొద్దిరోజులకే పాస్టరుగారు విజయవాడ వెళ్తూ మా గేటు దగ్గర బండి ఆపి, "మార్తమ్మగారూ, నేను బెజవాడ వెళ్తున్నా. ఊరికే చెప్తున్నా" అన్నారు. ఆవిడ వేసింది. చేరాక ఆయన ఊరికే ఫోను కూడా చేశారు.

నవ్వుతూ చెబుతున్నాను గానీ, అత్తయ్యకు ఆ స్విచ్చు నిజానికి ఒక్కడి కోసమే. మా మరిది ప్రకాష్ తండ్రిలాగే లారీ డ్రైవరు. ఇక్కడి సిమెంటు లోడు హైదరాబాదు వైపు వేసుకెళ్ళి, దింపి, ఖాళీ బండితో వస్తాడు. వాడు రోడ్డు మీద ఉన్నంతసేపూ ఆవిడ నిద్ర సగం నిద్రే. పక్క గదిలో మంచం కిర్రుమంటూ ఉంటుంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నాకు జాలేసేది, తెల్లారి స్విచ్చు మీద వాదించినప్పుడల్లా ఆ జాలి పోయేది.

ఇక ఆ రోజు. రోహిణి కార్తె. రోళ్ళు పగులుతాయంటారే, ఆ ఎండ. మర్నాడు పొద్దున్నే కరెంటు ఆఫీసు వాళ్ళు వస్తామని కబురు పెట్టారు. బాజీ 'రేపు' అన్న ఒక్క మాటతో వారమంతా గడిపేసి, ఇక రేపటికి రేపు లేదని తేలాక పని చివరి అంకంలోకి తెచ్చాడు. పైపుల కోసం గోడలకు గాడులు కొట్టాడు, పైపులు దించాడు, కొత్త వైర్లు లాగాడు. పొద్దున లైన్‌మన్ వచ్చి స్తంభం దగ్గర పాత సర్వీసు వైరు తెంపేసి చుట్ట చుట్టి పక్కన పడేశాడు. ఇంట్లో కరెంటు అన్న పదార్థం లేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీకి వెళ్ళారు. ప్రకాష్ లోడు దింపి బయల్దేరానని పొద్దున ఫోను చేశాడు. మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటానన్నాడు. అత్తయ్య చేపల పులుసు పెట్టింది. స్విచ్చు కిందికే ఉంది.

మిగతా గదులన్నీ అయ్యాయి. ముందు గదిలో ఆ చెక్క దిమ్మ ఒక్కటే మిగిలింది. దాన్ని తీస్తేగానీ కొత్త బోర్డుకు గోడ చెక్కడం కుదరదు. బాజీ స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చేసరికి, అత్తయ్య ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని సరిగ్గా స్విచ్చు కింద కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది.

"మామ్మగారూ, లేవండి. ఇదొక్కటి పీకేస్తే అయిపోద్ది."

"పీకు నాయనా, ఎవరొద్దన్నారు? మావాణ్ణి ఇంటికి రానీ, స్విచ్చు ఆపుతా. తర్వాత పీక్కెళ్ళి నీ సంచీలో ఏసుకో."

"ఎప్పటికొస్తారండి?"

"రోడ్డు నేనేసానా చెప్పడానికి?"

బాజీ నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. గోడ చెక్కాలి, పెట్టె కూర్చోబెట్టాలి, సిమెంటు పూయాలి, అది ఆరాలి. ప్రకాష్ ఏ ధాబా దగ్గరో స్నేహితులు కనపడి ఆగిపోతే మా సర్వీసు సీతాఫలాల దాకా ఆగిపోతుంది. బతిమాలాను, విసుక్కున్నాను. లేవలేదు. చివరికి నేనే ఆవిడ శాస్త్రంలోకి దిగాను. స్విచ్చు ఎక్కడ ఉందన్నది ముఖ్యమా, కిందికి ఉండటం ముఖ్యమా అని అడిగాను. ఆవిడ విసనకర్ర ఆపి ఆలోచించింది.

"కిందికుండాలి. అంతే" అంది.

దాంతో దారి దొరికింది. స్విచ్చును ఆపకుండా, ఉన్నది ఉన్నట్టుగా దిమ్మతో సహా ఊడదీసి, వైర్లు కత్తిరించి, తలుపుకు అవతలి పక్క గోడకు బిగించేయాలి. అత్తయ్య ఒప్పుకుంది, కానీ ముక్కు మీద తన వేలు ఉంటుందని షరతు పెట్టింది. ఎవరి ముక్కని బాజీ కంగారుపడ్డాడు. స్విచ్చు ముక్కని నేను సర్దిచెప్పాను.

ఆ తతంగం చూడాల్సిందే. బాజీ మరలు విప్పుతుంటే ఆవిడ కుర్చీ మీద నిలబడి వేలితో స్విచ్చును కిందికి అదిమి పట్టుకుంది. ఆవిడ పడకుండా ఆవిణ్ణి నేను పట్టుకున్నాను. దిమ్మ గోడ నుంచి ఊడి వచ్చింది. వెనక రెండు వైర్లు, వాటి తొడుగులు ముట్టుకుంటే పొడి అవుతున్నాయి. కటింగ్ ప్లేయరుతో రెండూ కోసేశాడు. ఆ తర్వాత పసిబిడ్డను ఉయ్యాల నుంచి ఉయ్యాలకు మార్చినట్టు ముగ్గురం అడుగులో అడుగేసుకుంటూ తలుపు దాటి అవతలి గోడ చేరాం. "మెల్లగా, మెల్లగా" అంటోంది అత్తయ్య. "నేను గుడివాడలో సినిమా హాలు వైరింగు చేసినోణ్ణండి" అంటున్నాడు బాజీ, చెమటలు కక్కుతూ.

బిగించాక ఆవిడ వేలు తీసింది. స్విచ్చు కిందికే ఉంది. బాజీ నాలుగు వైపులా లాగి చూశాడు, కదల్లేదు. గోడలో మిగిలిన పాత వైరు ముక్కల్ని లోపలికి నెట్టి పైన సిమెంటు పూసేశాడు. అంటే ఇప్పుడా స్విచ్చుకు ముందు వైరు లేదు, వెనక వైరు లేదు. మేకుకు తగిలించిన చొక్కా ఎంతో అదీ అంతే. ఇకనైనా అత్తయ్యకు వాదన ఉండదని నేను లోలోపల సంబరపడ్డాను.

వీధి చివరి మసీదులో మధ్యాహ్నం అజాన్ అయింది. ఈ పూట ఇక్కడే నమాజు చేసుకుంటానంటూ బాజీ చేతులు కడుక్కోవడానికి లేచాడు. నేను పాత వైరింగు చెక్క బద్దలు ఏరి మూలన పెడుతున్నాను. అత్తయ్య కొత్త చోట స్విచ్చు ఎదురుగా కుర్చీ వేసుకుని, అటూ ఇటూ తల వంచి అందం చూసుకుంటోంది. సుత్తి ఆడటం లేదు, డ్రిల్లింగ్ మిషన్ లేదు. వీధిలో బండి కూడా పోవడం లేదు.

టక్.

ముగ్గురం చూశాం. స్విచ్చు పైకి ఉంది.

ఇక్కడ నా పాఠం ఒక ముక్క చెప్పాలి. మన స్విచ్చులు కిందికి ఉంటే వేసినట్టు, పైకి ఉంటే ఆపినట్టు. స్ప్రింగు వదులై కిందికి జారితే భూమ్యాకర్షణ అని మా వెనక బెంచీ పిల్లవాడు కూడా రాస్తాడు. ఇది పైకి లేచింది. బాజీ కంగారులో తలకిందులుగా బిగించాడేమోనని కూడా చూశాను. సరిగ్గానే ఉంది.

బాజీ చేసిన మొదటి పని టెస్టరు తెచ్చి దాని మీద పెట్టడం. వైర్లు లేని స్విచ్చుకు, కరెంటు లేని ఇంట్లో. తర్వాత, "మామ్మగారూ, దీనికి లైను ఎక్కణ్ణుంచొస్తంది?" అని మెల్లగా అడిగాడు.

"ఇప్పుడేగా నువ్వే కోసింది" అంది ఆవిడ.

అతను సంచీ సర్దుకోవడం మొదలుపెట్టాడు. రేపొస్తానన్నాడు. నేను వీధి తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. దయ్యమైనా దేవుడైనా సరే, మెయిన్ బోర్డు బిగించకుండా గడప దాటనివ్వనని చెప్పాను. నాకు భయం లేదని కాదు. కానీ మర్నాడు పొద్దున వచ్చేవాళ్ళకు ఈ సంగతి చెబితే ఆగుతారా? అతను దువా చదువుకుంటూ వెళ్ళి, ఆ స్విచ్చుకు వీపు చూపించకుండా పక్కకు నడుస్తూ పని చేశాడు.

అత్తయ్యకు ఇవేమీ పట్టలేదు. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "వచ్చాడు మావాడు!" అని లేచి గేటు దగ్గరకు వెళ్ళింది. వీధి ఇటు చివరి నుంచి అటు చివరి దాకా ఎండ తప్ప ఏమీ లేదు. నీడలో కుక్క కూడా కదలడం లేదు.

ఆవిడ లోపలికి వచ్చి కంచం పెట్టింది. మళ్ళీ గేటు దగ్గరకు వెళ్ళింది. నేను ప్రకాష్‌కు ఫోను చేశాను. స్విచ్చాఫ్ అని వచ్చింది. ఆ మాట అప్పటిదాకా ఎన్నిసార్లు విన్నానో, ఎప్పుడూ అంత చెడ్డగా వినపడలేదు.

ఆవిడ మూడోసారి లోపలికి వచ్చేసరికి ముఖం మారిపోయింది. కుర్చీలో కూర్చుంది. విసనకర్ర కింద పడితే తీసుకోలేదు. "ఆగింది, మనిషి రాలేదు. ఎప్పుడూ ఇట్టా అవలేదమ్మాయ్" అంది. నేను స్ప్రింగు గురించి, పాత బేకలైటు ప్లాస్టిక్ గురించి ఏదో చెప్పబోయాను. "చేరాడనేగా ఆగింది. ఎక్కడికి చేరాడు?" అంది.

స్విచ్చు ఊడదీసే ఉపాయం చెప్పింది నేనే. ఫిజిక్సు ప్రకారం నా తప్పేమీ లేదు. అయినా ఆవిడ ముఖం చూడలేక వంటింట్లోకి వెళ్ళి మా ఆయనకు ఫోను చేశాను. ఆయన మొదట నవ్వారు. వాళ్ళమ్మ పులుసు ముందు పెట్టుకుని మాట్లాడకుండా కూర్చుందని చెప్పాక నవ్వు ఆపేశారు. బండి మీద హైవే పట్టుకుని గరికపాడు వైపు వెళ్ళారు.

అత్తయ్య పెదవులు ప్రార్థన చేస్తున్నాయి. బాజీ బోర్డులో మర బిగించి, చప్పుడు కాకుండా ఇంకో మర బిగిస్తున్నాడు. పాపం, అతను పారిపోయే ఆలోచన మానుకున్నాడు. మధ్యలో ఓసారి తన ఫోను నుంచి కూడా ప్రకాష్‌కు కొట్టి చూశాడు.

ఫోను మోగింది. "వెధవ ధాబాలో నులకమంచం మీద పడుకుని గురక పెడుతున్నాడు" అన్నారు మా ఆయన. అంత చక్కటి తిట్టు నేను ఎన్నడూ వినలేదు. స్పీకరు పెట్టి అత్తయ్యకు వినిపించాను. ఆవిడ ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని, "దేవునికి స్తోత్రం" అని, వెంటనే కళ్ళు తెరిచి, "ఇంట్లో పులుసు చల్లారిపోతంటే అక్కడ పడుకున్నాడా సోంబేరి సచ్చినోడు!" అంది.

ప్రకాష్ వచ్చి స్నానం చేసి కంచం ముందు కూర్చున్నాక నేను నిలదీశాను. ఇంటికి ఇంత దగ్గర్లో ఆగి పడుకోవడమేంటి, ఫోనైనా చేయొద్దా అని. చార్జింగ్ అయిపోయిందన్నాడు. తర్వాత ముద్ద కలుపుతూ మా అందరికీ చెప్పాడు.

"రాత్రంతా అన్‌లోడింగ్‌తో నిద్ర లేదు వదినా. కళ్ళు తెరిచే ఉన్నా అనుకున్నా. రోడ్డు కనపడతానే ఉంది. కోదాడ ఎప్పుడు దాటానో గుర్తు లేదు. ఇంతలో చెవి పక్కన టక్ మంది. మనింటి స్విచ్చే. ఇంకేదీ అట్టా మోగదు. నాన్న ఇంటికొచ్చాడు అనుకున్నా. ఎందుకనుకున్నానో తెలీదు. లేచి చూద్దామని తల తిప్పా. అప్పుడు తెలిసింది, నేను ఇంట్లో లేను, స్టీరింగ్ ముందున్నా. ముందు ఇనపచువ్వల లారీ చెడిపోయి ఆగి ఉంది. చువ్వలకు కట్టిన ఎర్రగుడ్డ అద్దానికి ఇంత దూరంలో."

ఎంత దూరమో చేత్తో చూపించాడు. ఆ చేతిలో అన్నం ముద్ద అలాగే ఉంది. బ్రేకు మీద నిలబడి బండి పక్కకు కోసి, అక్కణ్ణుంచి మెల్లగా చెక్‌పోస్టు దగ్గర ధాబా చేరి పడిపోయాడట. వాడు వచ్చేసరికి మధ్యాహ్నం అజాన్ అయి కాసేపయిందని ధాబా మనిషి మా ఆయనకు చెప్పాడు. అది విని బాజీ తన చేతి మీద లేచిన రోమాలు నాకు చూపించాడు. నావి నేను చూపించలేదు.

అప్పటికింకా స్విచ్చు దానంతటదే లేచిన సంగతి ప్రకాష్‌కు ఎవరమూ చెప్పలేదు.

మర్నాడు కరెంటు ఆఫీసు వాళ్ళు వచ్చారు. అన్నీ సిద్ధంగా ఉన్నాయి. స్తంభం నుంచి కొత్త సర్వీసు వైరు లాగి, మీటరు బిగించి, మూడు ఫేజులూ చూసి వెళ్ళిపోయారు. ఏసీ, గీజరు, మిక్సీ అన్నీ ఒకేసారి వేసి చూశాం. ట్యూబ్‌లైటు రెప్ప వేయలేదు. అత్తయ్య కొత్త మెయిన్ బోర్డుకు చేతులు జోడించబోయి, నన్ను చూసి జుట్టు సవరించుకుంది.

నేను ఊరుకోలేదు. స్క్రూడ్రైవరు తీసుకుని ఆ స్విచ్చు విప్పి చూశాను. స్ప్రింగు బిగువుగా ఉంది. వేలితో పైకి లేపాలంటే గట్టిగానే నెట్టాలి. దాన్ని కిందికి వేసి గోడ మీద గుద్దాను, తలుపు ధడాలున వేశాను, పక్కనే డ్రిల్లింగ్ మిషన్ ఆడించాను. మధ్యాహ్నపు ఎండ గోడకు తగిలే వేళ ఎదురుగా కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను. ఒక్కసారి కూడా లేవలేదు.

అయినా నా దగ్గర ఒక వివరణ ఉండేది. కొన్నాళ్ళు దాన్నే పట్టుకున్నాను. ప్రకాష్ మళ్ళీ ఇంటికి వచ్చినప్పుడు జరిగిందంతా చెప్పి, వసారాలో తల్లీకొడుకులిద్దరినీ కూర్చోబెట్టి వివరించాను. స్విచ్చు లేవడం వేరు, వాడికి చప్పుడు వినపడటం వేరు. మొదటిది పాత వస్తువు చేసే ఏదో చేష్ట. రెండోదానికి మాత్రం కారణం ఉంది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఇంటికి రాగానే వాళ్ళమ్మ ఆ స్విచ్చు ఆపడం ఎన్నోసార్లు విన్నాడు కాబట్టి ఆ చప్పుడు మెదడులో నాటుకుపోయింది. కునుకు పట్టినప్పుడు అదే వినిపించి మేలుకొలిపింది. రెండూ ఒకే రోజు జరగడం కాకతాళీయం. బాగానే చెప్పాననుకున్నాను.

అత్తయ్య చాటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నేనెప్పుడాపానే అమ్మాయ్?" అంది. "ఆయనున్నన్నాళ్ళూ వెయ్యడమే నా పని. ఆపింది ఎప్పుడూ ఆయనే. చెప్పులైనా విడవకుండా ముందు స్విచ్చు దగ్గరికే వచ్చేవాడు. ఆ చప్పుడికే పిల్లలు లేచి కూర్చునేవాళ్ళు, నాన్నొచ్చాడని."

ప్రకాష్ వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. వాడు ఏడుస్తున్నాడని కాసేపటికి గానీ నాకు తెలియలేదు. అత్తయ్య చూసింది, చాట పక్కన పెట్టి వాడి వీపు మీద చెయ్యి వేసింది. నేను ఆ చాట ఒళ్ళో పెట్టుకుని మిగిలిన బియ్యం ఏరాను.